మిగిలిన సూప్: పెంచాలా, చిక్కబరచాలా?

కూరగాయల సూప్ లీటరు దాకా మిగిలితే, మర్నాడు నలుగురికి సరిపెట్టడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పెంచడం. అర కప్పు మసూర్ పప్పును రెండు కప్పుల నీళ్లలో విడిగా 20 నిమిషాలు ఉడికించి, మెత్తబడ్డాకే సూప్‌లో కలపాలి. సూప్‌లో టమాటా ఉంటే ఆ పులుపుకి పచ్చిపప్పు ఓ పట్టాన ఉడకదు. చాలామందికి బెడిసికొట్టేది ఇక్కడే. ఉప్పు చివర్లో రుచి చూసి సర్దుకోవాలి. పాస్తా వేసేమాటైతే వడ్డించే ముందే! ముందుగా వేసి ఉంచితే రసమంతా పీల్చేసి ముద్దవుతుంది.

రెండోది చిక్కబరిచి, అన్నం మీదో ఉడికించిన బంగాళాదుంపల మీదో పోసుకోవడం. మూడు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి నీళ్లలో జారుగా కలిపి, మరుగుతున్న సూప్‌లో తిప్పుతూ పోయాలి. పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. పిండి లేకుండా మరిగించి ఇగరబెట్టొచ్చు కానీ, ఉప్పదనం పెరిగిపోతుంది.

ఉప్పు కాస్త ఎక్కువైన సూప్‌కి మొదటి దారే నయం. పలచగా, చప్పగా ఉన్నదానికి రెండోది. ఏదైనా సరే, వండిన రెండు గంటల్లోపు వెడల్పు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టిన సూప్‌నే వాడాలి. రాత్రంతా పొయ్యి మీద ఉండిపోయినదాన్ని పారబోయడమే.