ఏది మేలు: బీటెక్ సీటా, ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్పా, అమీర్‌పేట కోర్సా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లల పై చదువుల ప్రస్తావన వచ్చినప్పుడు, సాంకేతిక రంగంలో స్థిరపడటానికి ప్రధానంగా మూడు దారులు చర్చకు వస్తాయి. దగ్గరలోని కళాశాలలో బీటెక్ చేయించడం ఒకటి. ఐటీఐ గానీ డిప్లొమా గానీ చదివించి అప్రెంటిస్‌షిప్‌కు, అంటే సంస్థలో పని చేస్తూ నేర్చుకునే శిక్షణకు పంపడం రెండోది. ఏదో ఒక డిగ్రీ పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలకు పేరుపడ్డ హైదరాబాదులోని అమీర్‌పేటలో కోర్సు చేయించడం మూడోది. వీటిలో రెండోదాన్ని చదువు అబ్బని పిల్లల దారిగానే చూడటం మనకు అలవాటైపోయింది. ఈ అంచనా పిల్లలకు అన్యాయం చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బీటెక్ విషయానికి వస్తే, గుణుపురంలో జీఐఈటీ, పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉన్నందువల్ల ఇల్లు విడిచి వెళ్లకుండానే ఇంజనీరింగు చదివే వీలుంది. ఆంధ్రలో చదవాలంటే మాత్రం ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ప్రభుత్వం భర్తీ చేసే కన్వీనరు కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవే. స్థానికత ముఖ్యంగా చదువుకున్న చోటును బట్టి నిర్ణయమవుతుంది కాబట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడిశాలో చదివిన పిల్లలు ఆ లెక్కలోకి రారు. అప్పుడు కళాశాలే సీట్లు ఇచ్చే యాజమాన్య కోటా, దాని వెంట బ్యాంకు అప్పు తప్పవు. లెక్కల మీద పట్టు, ప్రోగ్రామింగ్ మీద నిజమైన ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ ఖర్చు తగినదే. ఆ రెండూ లేకుండా, పక్కింటి వారు చేర్పించారని చేర్పిస్తే నాలుగేళ్ల తర్వాత చేతిలో పట్టా ఉంటుంది గానీ పని ఉండదు.

అప్రెంటిస్‌షిప్ అనేది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడిచే శిక్షణ. సిబ్బంది 30 మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నచోట అది ఐచ్ఛికం. 2019లో సవరించిన నియమాలు నెలకు కనీస స్టైపెండును (శిక్షణ కాలపు భృతిని) ఐటీఐ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఆధార్‌తో నమోదైన అభ్యర్థి దేశంలో ఏ మూల ఉన్న అవకాశానికైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రలో స్థానికత చిక్కుల మధ్య నలిగే మన పిల్లలకు ఇదొక పెద్ద వెసులుబాటు. పైగా పెద్ద సంస్థలు మనకు దూరమేమీ కావు: సునాబెడలో విమాన ఇంజిన్ల సంస్థ హెచ్‌ఏఎల్, దామన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో, విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉన్నాయి.

సాంకేతిక రంగం అనగానే సాఫ్ట్‌వేర్ ఒక్కటే గుర్తుకు రావడం వల్లనే ఈ దారి చిన్నదిగా కనిపిస్తోంది. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో (వృత్తి విభాగంలో) ఐటీఐ చేసిన కుర్రవాడు నెట్‌వర్క్ పనిలో అప్రెంటిస్‌గా చేరాడనుకుందాం. నెట్‌వర్క్ కేబుల్‌లోని ఎనిమిది తీగలను నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ వరుసలో సర్ది, కనెక్టరులోకి చివరిదాకా తోసి, క్రింపింగ్ చేసి (పనిముట్టుతో నొక్కి బిగించి), టెస్టరులో ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగేదాకా విడిచిపెట్టకపోవడం దగ్గర అతని పని మొదలవుతుంది. తర్వాత స్విచ్‌లు, రూటర్లు, సర్వర్ గది, అక్కడి విద్యుత్ సరఫరా ఒక్కొక్కటిగా చేతికి వస్తాయి. రాత్రివేళ లింకు తెగితే ఎక్కడ వెతకాలో అనుభవజ్ఞుని పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. తరగతి గదిలో అది సాధ్యం కాదు.

లోపాలు లేవని కాదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం సంస్థలను నిర్బంధించదు. ఊరుగాని ఊరిలో గది అద్దెకు, భోజనానికి పోగా స్టైపెండులో ఇంటికి పంపగలిగేది దాదాపు ఉండదు. కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు వారిని డేటా ఎంట్రీకే పరిమితం చేసే చోట్లూ ఉంటాయి కాబట్టి, చేరకముందే రోజువారీ పని ఏమిటో అడిగి తెలుసుకోవాలి. మరొక జాగ్రత్త కూడా చాలా అవసరం. మన పట్టణాల్లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల్లో కుర్రవాళ్లను పని నేర్పిస్తామని పెట్టుకుంటారు. అక్కడ పని నిజంగానే రావచ్చు గానీ, నమోదైన ఒప్పందం లేనిదే అది చట్టం గుర్తించే అప్రెంటిస్‌షిప్ కాదు. స్టైపెండుకు హామీ ఉండదు, చివర జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు.

సాఫ్ట్‌వేరే కావాలనే వారికి కూడా మధ్యేమార్గాలు ఉన్నాయి. డిగ్రీలోనే కనీసం ఒక సెమిస్టరు అప్రెంటిస్‌షిప్ కలిపే కోర్సులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. తమిళనాడులో సాఫ్ట్‌వేర్ సంస్థ జోహో రుసుము తీసుకోకుండా, నెలనెలా భృతి ఇస్తూ తన సొంత బడిలో శిక్షణ ఇస్తోంది. సాఫ్ట్‌వేర్ సంస్థ హెచ్‌సీఎల్ నడిపే టెక్‌బీ కార్యక్రమం గణితంతో పన్నెండో తరగతి పూర్తిచేసిన వారిని తీసుకుంటుంది. ఇందులో రుసుము ఉంటుంది కాబట్టి షరతులన్నీ చదివాకే చేరాలి.

అమీర్‌పేట గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పునాది ఉన్నవారికి అది పదును పెడుతుంది. లేనివారికి అక్కడి కొద్ది నెలలు పునాది వేయలేవు.

కాబట్టి, లెక్కలు బాగా వచ్చి, ఫీజు భారం మోయగలిగితే బీటెక్. పరికరాలు విప్పి చూడాలనే కుతూహలం ఉండి, ఇంటికి అప్పు భరించే శక్తి లేకపోతే ఐటీఐ, ఆపై అప్రెంటిస్‌షిప్ మేలని నా నిర్ణయం. సరిహద్దు జిల్లాల్లో ఎక్కువ కుటుంబాలు రెండో కోవకే చెందుతాయి. ఐటీఐ తర్వాత డిప్లొమా రెండో సంవత్సరంలోకి, డిప్లొమా తర్వాత బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా చేరే లేటరల్ ప్రవేశం ఉంది కాబట్టి, ఈ దారిలో వెళ్లినవారికి ఇంజనీరింగు తలుపు మూసుకుపోదు. పద్దెనిమిదేళ్లు నిండని వారి తరఫున ఒప్పందం మీద సంతకం చేయవలసింది తల్లిదండ్రులే గనుక, శిక్షణ కాలం, ట్రేడు పేరు, స్టైపెండు మొత్తం అందులో స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకొని, పోర్టల్‌లో అది నమోదైందని నిర్ధారించుకున్న తర్వాతే పిల్లలను పంపాలి.