గింప్ ఆయిలిఫై: ఎర్రమట్టి దిబ్బలకు భేష్, కెరటాలకు కష్టం

ప్రకృతి ఫొటోను ఆయిల్ పెయింటింగ్‌లా మార్చుకోవాలంటే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆయిలిఫై ఫిల్టర్ చాలు. పైసా ఖర్చు లేదు, వాటర్‌మార్క్ పడదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫిల్టర్స్ మెనూలో ఆర్టిస్టిక్ కింద ఉంటుంది.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఫొటోల మీద దీని పనితనం చూసి తీరాలి. ప్రతి పిక్సెల్ చుట్టుపక్కల ఏ రంగు ఎక్కువుంటే దాన్నే అక్కడ పూస్తుంది. దాంతో వాననీరు కోసిన గాడిలోని నీడ ఒక ముద్దగా, ఎండ తగిలిన అంచు ఇంకో ముద్దగా విడిపోయి, కత్తితో రంగు అద్దినట్టు కనిపిస్తాయి. ఫొటో మాత్రం ఏటవాలు ఎండలో తీసిందై ఉండాలి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఎరుపులన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద. ఫొటోలోని వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్‌లో, రెడ్ ఛానెల్ (ఎరుపు పాలు) కుడి అంచుకు గుద్దుకుందంటే అక్కడి వివరం పోయినట్టే, ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోండి.

చాలామంది బోల్తాపడేది మాస్క్ రేడియస్ దగ్గర. ఒక్కో రంగు ముద్ద కోసం చుట్టూ ఎంత దూరం చూడాలో చెప్పేది అదే, అది పిక్సెళ్ల లెక్క. వెయ్యి పిక్సెళ్ల చిన్న కాపీ మీద 4 బాగానే తెలుస్తుంది. 4000 × 3000 ఒరిజినల్ మీద అదే 4 పెడితే ఫిల్టర్ వేశామో లేదో కూడా తెలియదు. కాబట్టి ముందు ప్రింట్ సైజు తేల్చుకోవాలి. 12 × 18 అంగుళాలకు 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) చొప్పున 3600 × 2400 వస్తుంది. ముందు 3:2కి క్రాప్, తర్వాత స్కేల్, ఆ తర్వాతే ఫిల్టర్. రేడియస్ 10 నుంచి 12, ఎక్కువున్న రంగుకు ఎంత బలం ఇవ్వాలో చెప్పే ఎక్స్‌పోనెంట్ 8తో మొదలుపెట్టండి. సందెచీకట్లో తీసిన ఫొటో అయితే ముందు నాయిస్ (తక్కువ వెలుతురులో పడే రంగు చుక్కలు) తగ్గించాలి, లేకపోతే ఆ చుక్కలే మరకలవుతాయి.

రుషికొండ కెరటాల దగ్గర ఈ ఫిల్టర్ నిరాశపరుస్తుంది. నురగ గీతలు సన్నం, చుట్టూ నీలమే ఎక్కువ. ఎక్కువున్నదే గెలుస్తుంది కాబట్టి నురగ మాయమవుతుంది. తాటాకు కొనలకూ, కరెంటు తీగలకూ అదే గతి. ఫొటో లేయర్ (పొర) కాపీ చేసి, ఆ కాపీ మీదే ఫిల్టర్ వేసి, దానికి తెల్ల లేయర్ మాస్క్ పెట్టండి. మాస్క్‌లో నలుపు పడ్డ చోట పై లేయర్ దాగిపోతుంది. మెత్తని అంచున్న నల్ల బ్రష్‌తో, ఒపాసిటీ 60 దగ్గర పెట్టి, నురగ మీద దిద్దితే కింది ఒరిజినల్ సగానికిపైగా బయటపడుతుంది.

గింప్‌లో 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ వేసుకోవడం మేలు. అందులో ఫిల్టర్ లేయర్‌కు విడిగా అతుక్కుని ఉంటుంది, రేడియస్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పాత 2.10లో ఓకే నొక్కాక ఇక అన్‌డూనే దిక్కు.

ప్రింటుకు మ్యాట్ కాగితమో కాన్వాసో ఎంచుకోండి. గ్లాసీ మెరుపులో కుంచె గీతలు కనబడవు. ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ (మామూలు రంగుల ప్రమాణం) జేపెగ్ ఫైలు ఇచ్చి, ఆటో కరెక్షన్ వద్దని ముందే చెప్పండి. లేదంటే దిబ్బల ఎరుపు నారింజలోకి జారిపోవచ్చు.