కారు స్పార్క్ ప్లగ్గులు మార్పిద్దామని ఆటోనగర్ వెళ్తే అసలు తేడా వేరే చోట దొరికింది

మా స్విఫ్ట్ పెట్రోల్, 2014 మోడల్, మీటర్ మీద 78 వేలు. నెల రోజులుగా పొద్దున్నే మూడు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవట్లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే మిస్సింగ్, అంటే ఇంజన్ ఆగి ఆగి లాగుతోంది. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఒక్క ప్లగ్గు కూడా ఇప్పకుండానే నాలుగు ప్లగ్గులు (పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేవి), వాటికి కరెంటిచ్చే నాలుగు కాయిల్స్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్ అని 14 వేలు రాసిచ్చారు. దణ్ణం పెట్టి వచ్చేశా.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ షాపు మా బావ చెప్పాడు. మెకానిక్ బాబాయ్ ముందు నన్ను గంట కూర్చోబెట్టాడు, "ప్లగ్గులు బిగించే ఇంజన్ హెడ్డు అల్యూమినియం తమ్ముడూ, వేడి మీద ఇప్పితే థ్రెడ్డు పోద్ది" అని. చల్లారాక నాలుగూ ఇప్పి పేపర్ మీద వరసగా పేర్చి నన్ను పిలిచాడు. మూడు ప్లగ్గులు బిస్కెట్ రంగులో ఉన్నాయి, అంటే ఇంజన్‌లో పెట్రోల్ బాగానే మండుతోందట, కాకపోతే మొనలు అరిగి గుండ్రంగా అయిపోయి, నిప్పురవ్వ దూకే గ్యాప్ పెరిగింది. మూడో సిలిండర్‌ది మాత్రం పైన పింగాణీ అంతా ఆయిల్, కాయిల్ రబ్బరు ఉబ్బిపోయింది, కానీ కింద మొన పొడిగా ఉంది. మొన ఆయిల్‌తో తడిగా ఉంటే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీల్స్ గానీ పోయాయేమో అని భయపడాలట, ఆయిల్ పైన మాత్రమే ఉంటే టాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) ప్యాకింగ్ కారుతున్నట్టట. అదీ సంగతి! అది వదిలేసి ఎన్ని ప్లగ్గులు మార్చినా మళ్లీ అదే గోల కదా.

కాయిల్ తుడిచి, రబ్బరు మార్చి, ఆ మూడో కాయిల్‌ని ఒకటో సిలిండర్‌లో పెట్టి చూశాడు, బండి స్మూత్. కొత్త కాయిల్స్ అవసరమే లేదు.

ప్లగ్గులు ఎలాగూ మార్చాలి, మామూలు నికెల్‌వి 30-40 వేల కిలోమీటర్లకి మార్చేస్తే మంచిది, నేను పోయినసారి మార్పించింది 40 వేల దగ్గర. ఖరీదైన ఇరిడియం ప్లగ్గులు వెయ్యమంటే "లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి నిజమే, మైలేజీ పెరుగుద్దని మాత్రం కొనకు, నీ బండికి మామూలువి చాలు" అన్నాడు, ఎక్కువ రేటుది అమ్ముకునే ఛాన్స్ వదులుకున్నాడు మనిషి. కొత్తవి కూడా గేజీతో గ్యాప్ చూసి, చిన్న రబ్బరు ట్యూబ్ ముక్కకి తగిలించి చేత్తోనే తిప్పుతూ దించాడు, పాన చివర్లో బిగించడానికే.

ప్యాకింగ్, లేబర్ అన్నీ కలిపి 2,600. ఇప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, వణుకు లేదు. మైలేజీ సంగతి రెండు ట్యాంకులు కొట్టించాక చెప్తా.

ఈ షాపు రేటింగ్‌లో ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఫోన్ ఎత్తడు, బిల్లు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తాడు, కూర్చోడానికి ఉన్న ఒక్క స్టూలూ ఎండలోనే. ఆదివారం వెళ్లకండి, షాపు ఉండదు.