విశాఖ ఉక్కపోతలో రెండేళ్ల వాడకం: 10 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డీ ఎన్‌క్లోజర్‌పై సమీక్ష

తప్పెటగుళ్లు, జముకుల కథ, అరకు వైపు థింసా వంటి ప్రదర్శనలను వీడియో తీసి, విశాఖపట్నంలో ఇంటి దగ్గరే ఎడిటింగ్ చేసుకోవడం నా పని. తప్పెటగుళ్ల ఆట ఒక్కోసారి తెల్లవార్లూ సాగుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల (ఎనిమిది బిట్లు ఒక బైటు) చొప్పున 4కే వీడియో తీస్తే ఒక్కో కెమెరాకు గంటకు సుమారు 45 గిగాబైట్లు పోగవుతాయి కాబట్టి, రెండు కెమెరాలతో రాత్రంతా తీసిన ఆట ఇంటికి చేరేసరికి అర టెరాబైటు దాటుతుంది. దాన్ని దాచుకోవడానికీ, దాచిన చోటనే ఎడిట్ చేసుకోవడానికీ ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన రకం ఎస్‌ఎస్‌డీని (కదిలే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌ను) అమర్చుకునే అల్యూమినియం ఎన్‌క్లోజర్, అంటే బయటి పెట్టె, ఒకటి కొని రెండేళ్లకు పైగా వాడుతున్నాను. సెకనుకు 10 గిగాబిట్లు అని దాని అట్టపెట్టె మీద ఉన్న మాట నిజమే. ఆ వేగం ఎంతసేపు నిలబడుతుందో మాత్రం ఏ అట్టపెట్టె మీదా ఉండదు. ఈ సమీక్షలో నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఎన్‌క్లోజర్ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఇలాంటి పెట్టెలు పదుల కొద్దీ పేర్లతో దొరుకుతాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం రియల్‌టెక్, జేమైక్రాన్, ఏఎస్‌మీడియా అనే మూడు సంస్థల బ్రిడ్జ్ చిప్‌లలో ఏదో ఒకదానితో తయారవుతాయి. ఎస్‌ఎస్‌డీ మాట్లాడే పీసీఐఈ భాషను కంప్యూటర్ వైపున్న యూఎస్‌బీకి అనువదించేది ఆ చిప్పే కనుక, వేగమూ వేడీ నమ్మకమూ చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. నా దగ్గరున్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 9210బీ. ఎన్‌వీఎంఈతో పాటు ఎం.2 అనే సన్నని బోర్డు రూపంలో ఉన్న సాటా (పాత, నెమ్మది రకం) ఎస్‌ఎస్‌డీని కూడా ఇది గుర్తిస్తుంది. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి నా దగ్గర ఉండటంతో ఆ సౌకర్యం నిజంగా పనికొచ్చింది. ద్వారకానగర్ కంప్యూటర్ దుకాణాల్లో అడిగితే వేగం, ధర వెంటనే చెబుతారు గానీ చిప్ పేరు చెప్పగలిగేవారు తక్కువ. అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లోనైనా ఆ పేరు కనిపిస్తే తప్ప కొనవద్దని నా సలహా.

వేగం లెక్కలు ముందుగా చూద్దాం. 5 గిగాబిట్ల పాత యూఎస్‌బీ 3.0లో పంపే ప్రతి ఎనిమిది బిట్లకు పది బిట్లు ఖర్చవుతాయి కాబట్టి, ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ పెట్టినా సెకనుకు 450 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది. 10 గిగాబిట్ల పద్ధతిలో 128 బిట్లకు 132 బిట్లు మాత్రమే ఖర్చు కావడం వల్ల ఆ వృథా చాలా తగ్గి, వాస్తవ వేగం 1,000 మెగాబైట్ల దాకా వెళుతుంది. నా దగ్గర వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో చదివే వేగం ఆ అంకెకు దగ్గరగానే వచ్చింది, రాసే వేగం కొంచెం తక్కువ. అయితే కెమెరా కార్డుల నుంచి దించుకోవడం కోసమే ఇంత వేగం కావాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. మనలో ఎక్కువమంది వాడే యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డుల గరిష్ఠ వేగమే సెకనుకు 104 మెగాబైట్లు. కార్డు ఇవ్వలేని వేగాన్ని ఎన్‌క్లోజర్ తెచ్చిపెట్టలేదు. అర టెరాబైటును కార్డుల నుంచి దించడానికి పట్టే గంటన్నర సమయం ఈ పెట్టె వల్ల ఏమీ తగ్గలేదు. లాభమంతా ఆ తరువాతి పనుల్లో కనిపించింది. రెండు కెమెరాల దృశ్యాలను పక్కపక్కన పెట్టుకుని టైమ్‌లైన్‌లో ముందుకూ వెనక్కూ జరుపుతున్నప్పుడు, పాత హార్డ్ డిస్క్ మీద ప్రతిసారీ ఎదురయ్యే ఆగుడు పూర్తిగా పోయింది. ఒక ఎస్‌ఎస్‌డీ నుంచి మరో ఎస్‌ఎస్‌డీకి మొత్తం ప్రాజెక్టును కాపీ చేయడం టీ తాగి వచ్చేంతలో అయిపోతోంది.

ఇక వేడి. విశాఖలో వేసవి అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఉక్కపోత. మనిషికి చెమట ఆరదు కనుక తేమ ఎక్కువైనకొద్దీ బాధ ఎక్కువ. లోహపు పెట్టెకు చెమటతో పని లేదు కాబట్టి, దాని చల్లదనాన్ని తేల్చేది గది ఉష్ణోగ్రతా, దాని చుట్టూ గాలి కదలికా మాత్రమే. డిసెంబరు, జనవరి నెలల్లో ఎంతసేపు కాపీ చేసినా నా పెట్టె చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిన సందర్భం లేదు. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, వందల గిగాబైట్ల కాపీ మొదలుపెడితే కథ వేరు. మొదటి కొద్ది నిమిషాలు అంకెలు శీతాకాలంలో ఉన్నట్టే ఉంటాయి. ఆ తరువాత లోపలి ఉష్ణోగ్రత మెల్లగా 70 డిగ్రీలను సమీపిస్తుంది. చాలా ఎస్‌ఎస్‌డీలకు తయారీదారులు నిర్ణయించే పై హద్దు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ హద్దు దగ్గర ఎస్‌ఎస్‌డీ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, కాస్త చల్లబడగానే మళ్లీ పెంచుకుంటుంది. కాపీ గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తే కారణం అదేనని గుర్తించవచ్చు. ఇది పాడైపోయిన లక్షణం కాదు గనుక భయపడనక్కరలేదు.

ఈ సమస్యను ఎక్కువగా తగ్గించింది లోపలుండే థర్మల్ ప్యాడ్, అంటే వేడిని మూతకు చేరవేసే మెత్తని పట్టీ. ఎస్‌ఎస్‌డీ చిప్‌లకూ అల్యూమినియం మూతకూ మధ్య ఖాళీ మిగిలితే వేడి బయటికి రాదు, పెట్టె బయట చల్లగా ఉండి లోపల ఎస్‌ఎస్‌డీ ఉడికిపోతుంటుంది. అందుచేత పెట్టె ముట్టుకుంటే వేడిగా తగలడం మంచి సూచనే: లోపలి వేడి బయటికి చేరుతోందన్నమాట. నా పెట్టెతో వచ్చిన ప్యాడ్ పలుచగా ఉండి, ఒకవైపే చిప్‌లున్న ఎస్‌ఎస్‌డీకి పూర్తిగా ఆనలేదు. కొంచెం మందమైన ప్యాడ్ కొని వేశాక, అదే గదిలో అదే కాపీకి వేగం తగ్గడం స్పష్టంగా ఆలస్యమైంది. ప్యాడ్ మరీ మందంగా ఉంటే మూత బిగించినప్పుడు ఎస్‌ఎస్‌డీ బోర్డు వంగుతుంది కాబట్టి, మూత ఒత్తిడి లేకుండా జారేంత మందమే ఎంచుకోవాలి. దానికి తోడు పెట్టెను ల్యాప్‌టాప్ పక్కన, దాని వేడి గాలి వచ్చే వైపు కాకుండా, ఫ్యాను గాలి తగిలేచోట నిలువుగా ఆనించి పెడితే వేసవిలో కూడా ఎడిటింగ్‌కు ఇబ్బంది రాదు. ఎడిటింగ్‌లో డిస్కు మీద పని విడతలు విడతలుగా పడుతుంది, నిలకడగా గంటల తరబడి పడదు.

వేగం పడిపోవడానికి వేడి ఒక్కటే కారణమని అనుకోకూడదు. చాలా ఎస్‌ఎస్‌డీలు కొంత భాగాన్ని ఎస్‌ఎల్‌సీ క్యాష్‌గా వాడి, వచ్చిన డేటాను మొదట అందులో వేగంగా రాసుకుంటాయి. ఆ భాగం నిండాక అసలు వేగం బయటపడుతుంది. ఒక్కో కణంలో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం చవక ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని ఆ దశలో మామూలు హార్డ్ డిస్క్ కంటే నెమ్మదిగా రాస్తాయి. చిన్న ఫైళ్లతో పని చేసేవారికి ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు, రాత్రంతా తీసిన వీడియోను ఒకేసారి రాసేవారికి మొదటి రోజే తెలుస్తుంది. నేను అందుకే కణానికి మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకాన్ని ఎంచుకున్నాను. అలాగే సెకనుకు 7,000 మెగాబైట్లని ప్రకటించే ఖరీదైన ఎస్‌ఎస్‌డీని ఇందులో పెట్టడం డబ్బు దండగ. యూఎస్‌బీ వైపు 1,000 దగ్గరే ఆగిపోతుంది, పైగా అలాంటివి సాధారణంగా ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువ వేడెక్కుతాయి. సొంత డీర్యామ్ (వేగవంతమైన తాత్కాలిక మెమరీ) లేని ఎస్‌ఎస్‌డీలు కంప్యూటర్‌లోనే బిగిస్తే దాని మెమరీలో కొంత అరువు తీసుకుంటాయి గానీ, యూఎస్‌బీ ద్వారా ఆ వీలు ఉండదు. పెద్ద ఫైళ్లకు ఆ తేడా నాకు కనిపించలేదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లుండే ప్రాజెక్టు ఫోల్డర్లలో మాత్రం కొంత కనిపించింది.

కేబుల్ విషయంలో జాగ్రత్త చాలా అవసరం. ఫోను చార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావరకు లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. వాటితో కలిపితే ఎన్‌క్లోజర్ పని చేస్తుంది, కానీ సెకనుకు 40 మెగాబైట్లు కూడా దాటదు. చూడటానికి రెండు కేబుళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి, పెట్టెతో వచ్చిన కేబుల్‌కు రంగు టేపు చుట్టి విడిగా ఉంచుతున్నాను. నాతో కలిసి పనిచేసే తమ్ముడొకడు ఎన్‌క్లోజర్ పాడైందని తెచ్చిచ్చినప్పుడు, కేబుల్ మార్చడంతోనే అది బాగైంది. 10 గిగాబిట్ల వేగానికి కేబుల్ పొడవు ఒక మీటరు దాటకపోవడం మేలు. పోర్టు కూడా చూసుకోవాలి. డెస్క్‌టాప్ ముందు భాగంలో ఉండే పోర్టులు లోపల మరో తీగ ద్వారా మదర్‌బోర్డుకు చేరతాయి కాబట్టి వెనుక పోర్టులే నయం. మామూలు టైప్-ఏ యూఎస్‌బీ 3.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 900 మిల్లీయాంపియర్లే, అంటే నాలుగున్నర వాట్లు. ఎస్‌ఎస్‌డీ ఉధృతంగా రాస్తున్నప్పుడు అంతకు మించి అడిగితే, డ్రైవ్ ఉన్నట్టుండి మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. వెనుక పోర్టుకు, అందులోనూ టైప్-సి పోర్టుకు మార్చాక ఆ బెడద నా దగ్గర తలెత్తలేదు. యూఎస్‌బీ 3 కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొదను వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. చాలా వైర్‌లెస్ మౌస్‌లు పని చేసేదీ ఆ ప్రాంతంలోనే కనుక, కాపీ నడుస్తుండగా మౌస్ తడబడితే, దాని రిసీవర్‌ను ఎన్‌క్లోజర్‌కు దూరంగా ఉన్న పోర్టులోకి మార్చితే సరిపోతుంది.

సముద్రపు గాలి సంగతి ఇతర నగరాల సమీక్షకులు రాయరు కాబట్టి ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. పెదవాల్తేరులో మా కిటికీ చువ్వలకు ఏటా రంగు వేయకపోతే తుప్పు పడుతుంది. అదే ఉప్పు తేమ కనెక్టర్ల మీదా పని చేస్తుంది. టైప్-సి పిన్నులకు బంగారు పూత ఉంటుంది గానీ, తీసి పెట్టడంలో ఆ పూత అరిగినచోట చిలుము మొదలవుతుంది. రెండో వానాకాలం తరువాత ప్లగ్ లోహపు అంచు మీద మచ్చలు కనిపించాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక వాడాను. ఇప్పటికీ కనెక్షన్ బాగానే ఉంది. భీమిలి, రుషికొండ తీరాల్లో చిత్రీకరణకు వెళ్లినప్పుడు ఎన్‌క్లోజర్‌ను సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టి, ఏసీ కారు నుంచి తీసిన వెంటనే వాడకుండా కాసేపు ఆగుతాను. చల్లని లోహం మీద మన తీరపు తేమ ఇట్టే నీటి బిందువులుగా పేరుకుంటుంది. అల్యూమినియం పెట్టెకు మాత్రం ఇన్నాళ్లలో ఏ హానీ జరగలేదు. ఎస్‌ఎస్‌డీని స్క్రూ లేకుండా రబ్బరు బిరడాతో బిగించే పద్ధతి మొదట నాకు నచ్చలేదు గానీ, తుప్పు పట్టే స్క్రూ లేకపోవడం ఈ ఊళ్లో లాభమేనని తరువాత అనిపించింది.

సాఫ్ట్‌వేర్ వైపు చెప్పవలసింది తక్కువ. కమాండ్లను ఒకదాని వెనుక ఒకటి కాకుండా వరుస కట్టి ఒకేసారి అందించే యూఏఎస్‌పీ పద్ధతి విండోస్‌లోనూ లినక్స్‌లోనూ దానంతటదే పని చేసింది. ఎస్‌ఎస్‌డీ ఉష్ణోగ్రత, ఆయుష్షు వంటి స్మార్ట్ వివరాలు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కనిపిస్తాయి. లినక్స్‌లో అవే వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్‌కు రియల్‌టెక్ చిప్ అని విడిగా చెప్పవలసి రావచ్చు. విండోస్‌తో పాటు మ్యాక్‌లోనూ తెరవాలంటే డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయడం సులువైన మార్గమే, అయితే అందులో జర్నలింగ్ (చేయబోయే మార్పును ముందే నమోదు చేసుకునే ఏర్పాటు) లేదు. రాస్తుండగా కేబుల్ ఊడితే ఒక్క ఫైలుతో పోకుండా ఫోల్డరే దెబ్బతినవచ్చు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు క్విక్ రిమూవల్ (ఎజెక్ట్ చేయకుండానే తీసే వీలు) సహజంగానే అమలులో ఉన్నా, సేఫ్‌గా ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయడం మంచిది.

హార్డ్ డిస్క్‌కు వేగవంతమైన ఎన్‌క్లోజర్ కావాలని అడిగేవారూ ఉన్నారు. 7,200 ఆర్‌పీఎం డిస్కు తన బయటి అంచు దగ్గర కూడా సెకనుకు 250 మెగాబైట్ల చుట్టుపక్కలే ఇస్తుంది కనుక, దానికి 5 గిగాబిట్ల పెట్టె చాలు. అక్కడ 12 వోల్టుల అడాప్టర్ నాణ్యత మీద శ్రద్ధ పెట్టాలి. నేను ఎడిటింగ్‌కు ఎస్‌ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్క్ వాడుతున్నాను. కరెంటు అందకుండా సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉంటే ఎస్‌ఎస్‌డీ కణాల్లోని చార్జి క్రమంగా తగ్గిపోతుంది, వేడి ఆ తగ్గుదలను పెంచుతుంది. మళ్లీ ఆడించడం సాధ్యం కాని వృద్ధ కళాకారుల రికార్డింగులను దాని మీద ఒక్కదాని మీదే వదిలేయడానికి నాకు మనసు ఒప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఈ నగరం ఏమైందో చూసినవాణ్ణి కాబట్టి, ఒక ప్రతి విజయనగరంలో బంధువుల ఇంట ఉంటుంది.

పెట్టెతో వచ్చిన కేబుల్ మరీ పొట్టిది, డెస్క్‌టాప్ వెనుక పోర్టు నుంచి బల్ల మీదికి అందదు. నీలం దీపం రాత్రి చీకటి గదిలో కళ్లకు గుచ్చుతుంది, దాన్ని ఆర్పే ఏర్పాటు లేదు. రెండు వేల రూపాయలకు అటూఇటూగా దొరికిన వస్తువుకు ఇవి భరించదగ్గ లోపాలే. 20 గిగాబిట్ల పెట్టె తీసుకోవచ్చా అంటే, దానికి కావలసిన జెన్ 2×2 అనే యూఎస్‌బీ పద్ధతి చాలా మ్యాక్‌లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ లేదు, వాటికి తగిలిస్తే 10కే పరిమితమవుతుంది. 40 గిగాబిట్ల యూఎస్‌బీ 4 పెట్టెలు నిజంగా వేగవంతమైనవి గానీ, ధరతో పాటు వేడి కూడా పెరుగుతుంది, ఆ వేగాన్ని అందుకునే పోర్టు నా ల్యాప్‌టాప్‌కు లేదు. అందుకే రెండో ఎన్‌క్లోజర్ కావలసి వచ్చినప్పుడు అదే చిప్ ఉన్న 10 గిగాబిట్లదే తీసుకుని, మందమైన ప్యాడ్‌నూ మీటరు కేబుల్‌నూ దానితో పాటే కొన్నాను.