తలుపు వెనక పటం, తలుపు బయట కారిడార్: తిరుపతి హోటల్లో 11 ఏళ్ల అగ్నిమాపక అనుభవం

మా హోటల్లో ప్రతి గది తలుపు వెనకా ఒక పటం ఉంటుంది. మనమున్న చోట ఎర్ర చుక్క, అక్కడి నుంచి మెట్ల దాకా పచ్చ బాణాలు. ఆ పటంలో కారిడార్ ఎప్పుడూ ఖాళీయే. నేను 11 ఏళ్లుగా తిరుగుతున్న కారిడార్‌లో చెప్పుల వరుసలుంటాయి, పెట్టెలుంటాయి, గదిలో చోటు చాలక బయట దుప్పటి పరుచుకుని నడుం వాల్చిన పెద్దవాళ్లుంటారు.

హోటల్ పేరు చెప్పను. రైల్వే స్టేషను నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంటుంది. 5 అంతస్తులు, 64 గదులు. గదులు సర్దే పనిలో చేరి ఇప్పుడు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఈ 11 ఏళ్లలో ఆరేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. మంటలార్పే సిలిండర్లు, పొగను పసిగట్టే డిటెక్టర్లు, వెనక మెట్లు, అలారం, వీటన్నిటితో రోజూ మెలిగేది మాలాంటి వాళ్లమే కాబట్టి, ఏది పనిచేసిందో ఏది చేయలేదో చెప్పే అర్హత నాకుందని అనుకుంటున్నాను.

అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే 22 పేజీల పుస్తకం నేను చేరిన ఏడాదే మా చేతికిచ్చారు. అందులో తప్పేమీ లేదు. ఎవరు అలారం కొట్టాలి, 101కి ఎవరు ఫోన్ చేయాలి, ఏ అంతస్తుకు ఎవరు బాధ్యులు, అందరూ ఎక్కడ చేరాలి, అన్నీ ఉన్నాయి. కాకపోతే అది ఏ ఊరి హోటల్‌కైనా సరిపోయేలా రాసిన పుస్తకం. గదికి ఇద్దరుంటారని, గోడమీది అక్షరాలు చదవగలరని, మెట్లు దిగగలరని అది ముందే అనుకుంది. తిరుపతికి వచ్చేవాళ్లు అలా ఉండరు. అర్ధరాత్రి రైలు దిగి వస్తారు, రెండింటికే లేచి కొండకు బయలుదేరతారు. మూడు మంచాల గదిలో ఏడుగురుంటారు. గుండు చేయించుకున్న చంటిబిడ్డ ఉంటాడు, మోకాళ్లు వంగని నాయనమ్మ ఉంటుంది. తమిళం, కన్నడం, హిందీ, తెలుగు ఒకే అంతస్తులో వినిపిస్తాయి.

ఆ పుస్తకానికి అసలు పరీక్ష మూడేళ్ల క్రితం వైకుంఠ ఏకాదశికి రెండు రోజుల ముందు ఎదురైంది. రాత్రి 2 గంటల 40 నిమిషాలు. నేను రెండో అంతస్తులో దుప్పట్లు లెక్కపెడుతున్నాను. అలారం మోగి, నాలుగైదు క్షణాల్లో ఆగిపోయింది. రిసెప్షన్‌లోని కుర్రాడు అలవాటుగా ఆపేశాడు. అతణ్ని తప్పు పట్టలేను. అంతకు ముందు రెండు రోజుల్లో మూడుసార్లు వట్టినే మోగింది. ఒకసారి స్నానాల గది ఆవిరికి, రెండుసార్లు సాంబ్రాణి పొగకు. పైగా అలారం ఎక్కడిదో చూపే అప్పటి మా ప్యానెల్ పాత రకం. మూడో అంతస్తు అని దీపం వెలుగుతుందే తప్ప ఏ గదో చెప్పదు. ఆ అంతస్తులో 13 గదులు.

పైకి వెళ్లాను. కర్పూరం వాసన నాకు కొత్త కాదు, కానీ ఆ రోజు దాని వెనక ఇంకో వాసన ఉంది. ఫోమ్ కాలుతుంటే వచ్చే చేదు, గొంతులో గీరుకుంటుంది. కారిడార్ చివర ఒక గది తలుపు బార్లా తెరిచి ఉంది. పై గడప కింద నుంచి నల్లటి పొగ నీళ్లలా జారి, పైకప్పును అంటుకుని నా వైపు పాకుతోంది. స్టీలు పళ్లెంలో హారతి వెలిగించి, దాన్ని కుర్చీ మీదే ఉంచి స్నానానికి వెళ్లారట. పక్కనే ఆరేసిన పట్టుపంచె అంటుకుంది, తర్వాత కుర్చీ. ఇంట్లోవాళ్లంతా బయటికి పరిగెత్తుకొచ్చారు, తలుపు మూయలేదు.

లోపల ఎవరూ లేరని వాళ్ల నోట రెండుసార్లు చెప్పించుకుని, నేను మొదట చేసిన పని ఆ తలుపు లాగి మూయడం. ఆ రాత్రి నా వల్ల జరిగిన మేలంతా అదేనని ఇప్పటికీ నమ్ముతాను. తలుపు మూసిన నిమిషానికే కారిడార్‌లో పొగ పలచబడింది, మిగతా 12 గదుల వాళ్లు నడవడానికి దారి దొరికింది. మా రూమ్ బాయ్ రెండు పౌడర్ సిలిండర్లు తెచ్చాడు. చేతి వెనక భాగంతో తలుపు తాకి చూశాం, ఇంకా వేడెక్కలేదు. పక్కకు ఒదిగి, వంగి, కొద్దిగా తెరిచి మంట మొదట్లోకి కొట్టాడు. కుర్చీ, తెర, పరుపు మూల కాలాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

కష్టం కిందికి దిగాక మొదలైంది. రిజిస్టర్ ప్రకారం మూడో అంతస్తులో 29 మంది. పక్క వీధి కల్యాణ మండపం ఆవరణలో నేను లెక్కపెడితే 41 మంది ఉన్నారు. సంతోషించాలా భయపడాలా తెలియలేదు. 29కి 41 వచ్చారంటే, అసలు ఎంతమంది ఉన్నారో మాకు తెలియదనే కదా. అంతలో కన్నడం మాట్లాడే ఒకాయన వాళ్లమ్మ కనిపించడం లేదన్నాడు. వెనక్కి పరిగెత్తాను. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ పైకి ఎక్కుతోంది. స్వామికి కట్టిన ముడుపు గదిలోనే ఉండిపోయిందట. పసుపు గుడ్డలో మూట కట్టిన నాణేలు, ఎన్ని ఏళ్ల మొక్కో. నాకు వచ్చిన కన్నడం రెండు ముక్కలు. "అజ్జీ, హొరగె బన్ని" అని చేయి పట్టుకున్నాను. ఆమె కదలలేదు. ముడుపు నేను తెచ్చిస్తానని స్వామి మీద ఒట్టు వేశాక దిగింది. తెల్లారాక, గది చల్లబడ్డాక, ఆ మూట తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. అంచు మసిబారింది, ముడి మాత్రం ఊడలేదు.

ఆ తర్వాత మేం మార్చుకున్నవే ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేవి. గది ఇచ్చేటప్పుడు పిల్లలతో సహా అసలు ఎంతమంది ఉంటారో అడిగి రాస్తాం. అదనపు డబ్బు అడుగుతామేమోనని కొందరు దాస్తారు. అందుకే "ఇది డబ్బు కోసం కాదండీ, రాత్రి ఏదైనా జరిగితే మిమ్మల్ని లెక్కపెట్టుకోవడానికి" అని చెబుతాం. అలా చెప్పినప్పుడు దాచినవాళ్లను నేను చూడలేదు. మెట్లు దిగలేనివాళ్లుంటే మొదటి అంతస్తులో గది ఇస్తాం, పేరు పక్కన ఎర్ర గీత పెడతాం. ఈ లెక్క రాత్రి 10 గంటలకు ఒక కాగితం మీదికి ఎక్కి, ముందు తలుపు పక్కన అట్టకు తగిలించి ఉంటుంది. కరెంటు పోతే కంప్యూటర్‌లోని లెక్క ఎవరికీ అందదు.

భాష విషయంలో పెద్ద పెద్ద ప్రకటనలు మానేశాం. ప్రతి రూమ్ బాయ్‌కి ఒకే మాట నాలుగు భాషల్లో నోటికి వచ్చి ఉండాలి. బయటికి రండి, హొరగె బన్ని, వెళియే వాంగ, బాహర్ ఆయియే. దానికి తోడు లిఫ్ట్ వద్దు, లిఫ్ట్ బేడ, లిఫ్ట్ వేండాం, లిఫ్ట్ నహీ. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

ప్యానెల్ కూడా మార్చారు. ఇప్పుడు ఏ గదో కనిపిస్తుంది. అలారం ఆపే ముందు ఒక మనిషి ఆ గది చూసి రావాలన్నది నియమం. ఖర్చు పెట్టినందుకు యాజమాన్యాన్ని మెచ్చుకోవాలి.

మంటలార్పే సిలిండర్ల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. వాటిని ఏటా తీసుకెళ్లి చూసి ఇవ్వడానికి ఒక ఏజెన్సీతో ఒప్పందం ఉండేది. ఒక ఏడాది అనుమానం వచ్చి నాలుగింటి సీళ్ల మీద చిన్న కుంకుమ బొట్టు పెట్టాను. కొత్త తేదీతో కొత్త చీటీలు అంటించుకుని తిరిగొచ్చాయి. నాలుగు బొట్లూ చెరగలేదు. సీలు తెంపకుండా లోపలి పౌడర్ ఎలా మారుస్తారు? మేనేజరు గారికి చూపించాను, ఏజెన్సీని మార్చారు. మీ హోటల్లోనూ చీటీని నమ్మకండి. పౌడర్ సిలిండర్‌కు ఒత్తిడి చూపే ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడండి. కరెంటు బోర్డుల దగ్గర పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ముల్లే ఉండదు, తూకం వేస్తేనే తెలుస్తుంది. వాడేటప్పుడు దాని గొట్టం మూతిని పట్టుకోవద్దు, చేతికి మంచు కాటు వేస్తుంది.

వంటగది గురించి వేరే పుస్తకమే రాయవచ్చు. ఒక ఉదయం పూరీల బాణలి అంటుకుంది. కొత్తగా చేరిన కుర్రాడు చెంబుతో నీళ్లెత్తాడు. మా పెద్ద వంటమనిషి అరిచిన అరుపుకు చెంబు కింద పడింది. కాగే నూనెలో నీళ్లు పడితే అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతాయి. మండే నూనెను గది నిండా చిమ్ముతాయి. ఆయన గ్యాస్ వాల్వు కట్టేశాడు, పెద్ద మూత పక్క నుంచి జరుపుతూ బోర్లించాడు, పావుగంట దాకా ఎవరినీ తెరవనివ్వలేదు. ఇప్పుడక్కడ నూనె మంటల కోసమే చేసిన సిలిండర్, మంట మీద కప్పే దుప్పటి ఉన్నాయి. 19 కిలోల గ్యాస్ సిలిండర్లు బయటి షెడ్డులో ఉంటాయి. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు కూడా. ఇది వంటవాళ్ల కంటే గిన్నెలు కడిగేవాళ్లకు ముందు నేర్పాలి, తెల్లవారుజామున తలుపు తీసేది వాళ్లే.

మంట వేడికి పైకప్పు నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను: వాటికి తడి పంచెలు ఆరేస్తారు. అందులోని ఎర్ర గాజు బుడ్డి సుమారు 68 డిగ్రీల వేడికి పగలాలి, పంచె బరువుకు కాదు. ప్రతి గదిలో బట్టలారేసే తాడు కట్టించాక ఆ బెడద తగ్గింది.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు పుట్టి, పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా సెల్లార్‌లో సిబ్బంది స్కూటర్లు మూడు చార్జింగ్‌లో ఉన్నాయి, వెనక మెట్లు సరిగ్గా వాటి పక్క నుంచే మొదలవుతాయి. మేమే అడిగి చార్జింగ్‌ను ఆరుబయటికి మార్పించాం. ఆ మెట్ల మీద రద్దీ రోజుల్లో అదనపు పరుపులు పేర్చే అలవాటుండేది, అదీ ఆపించాం. ఆ పరుపుల కోసం నేను ఎందరితో పోట్లాడానో నాకే తెలుసు. దొంగల భయంతో వెనక తలుపుకు తాళం వేయడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. లోపలి నుంచి నెడితే తెరుచుకునే కడ్డీ బిగించమని రెండేళ్లుగా అడుగుతున్నాను.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో శాఖ సిబ్బంది వచ్చి చేసి చూపిస్తారు. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో పేలుడు జరిగి ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో ఆ వారం జరుపుతారని వాళ్లే చెప్పారు. చక్కగా నేర్పుతారు. అయితే పగలు 11 గంటలకు, సిబ్బందే అతిథుల్లా నటించే డ్రిల్ మాకు సగమే ఉపయోగం. అందుకే పరీక్షల కాలంలో, రద్దీ తగ్గిన ఒక రాత్రి, అతిథులకు ముందే చెప్పి మూడు గంటలకు చేస్తున్నాం. మొదటిసారి హోటల్ ఖాళీ కావడానికి 14 నిమిషాలు పట్టింది. పోయినసారి 6.

ఈ వారం కొత్తగా చేరిన ఇద్దరు రూమ్ బాయ్‌లకు కళ్లకు గంతలు కట్టి మూడో అంతస్తులో నడిపించాను. పొగలో కళ్లు పనికిరావు, గోడ తడుముతూ తలుపులు లెక్కపెట్టుకోవాలి. ఎడమవైపు ఆరు తలుపులు, ఆ తర్వాత వెనక మెట్లు. మొదటి అబ్బాయి మోకాళ్ల మీద పాకుతూ పైకే లెక్కపెట్టాడు. ఐదో తలుపు దగ్గర ఎవరో బయట పెట్టిన పెట్టె తగిలి ఆగిపోయాడు. "అక్కా, మెట్లు వచ్చేశాయా?" అని అడిగాడు. గంతలు విప్పి, ఆ గది తలుపు తట్టి, పెట్టె లోపల పెట్టించి, వాణ్ని మళ్లీ మొదటి తలుపు దగ్గరికి తీసుకెళ్లాను.