పక్కన పెట్టిన కారు టైర్లు: డాబా మీదా, సెల్లార్‌లోనా, మెట్ల కిందా?

అల్లాయ్ వీల్స్ వేయించుకున్న ప్రతివాళ్లూ నెల తిరిగేసరికి ఇదే అడుగుతున్నారు. బండితో వచ్చిన నాలుగు టైర్లు, కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా పోనివి, ఇంట్లో పడున్నాయి, ఎక్కడ పెట్టమంటారు అని. ఈ వేసవిలో నాకూ అదే పరిస్థితి వచ్చింది. బండి అమ్మే రోజున పాతవి మళ్లీ ఎక్కించి ఇచ్చేయొచ్చని నాలుగింటినీ స్టీల్ రిమ్ములతో సహా ఇంటికి తెచ్చుకున్నాను. మాది విజయవాడ. ఇంటికి డాబా ఉంది, మెట్ల కింద జాగా ఉంది, మా అత్తగారి అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ ఉంది. చివరికి మెట్ల కిందే పెట్టాను.

ముందు డాబా సంగతి, ఎందుకంటే మనలో ఎక్కువమంది చేసేది అదే. వాటర్ ట్యాంకు పక్కన దొంతర పెట్టి పైన ఒక నీలం పట్టా కప్పేస్తారు. జాగా బోలెడు, ఎవరికీ అడ్డం ఉండదు, నిజమే. కానీ నన్నడిగితే టైరు పనికొస్తుందా పోతుందా అన్నది తేల్చేది ఎండే, మిగతావన్నీ దాని తర్వాతే. మా బావగారి టైర్లు అలాగే రెండు వేసవులు డాబా మీద ఉన్నాయి. రోడ్డుకి ఆనే గాళ్ల భాగం, అదే ట్రెడ్, చూస్తే కొత్తదానిలా ఉంది. స్టెప్నీకి వాడుకుందామని ఒకటి పంక్చర్ షాపుకి పట్టుకెళ్తే ఆ షాపతను ట్రెడ్ వైపు చూడనే లేదు. రెండు బొటనవేళ్లతో టైరు పక్కభాగాన్ని, అంటే సైడ్‌వాల్‌ని నొక్కి వంచాడు, అంతే, నల్లటి రబ్బరు మీద వెంట్రుకవాసి పగుళ్లు వరసగా తెరుచుకున్నాయి. "గాలి కొట్టమంటే కొడతాను గానీ బండికి మాత్రం ఎక్కించనండీ, హైవే మీద పిల్లల్ని వేసుకుని వెళ్తారు" అన్నాడు. నాలుగూ తూకానికి పోయాయి.

రోజూ ఎండలో తిరిగే బండి టైరు బాగానే ఉంటుంది కదా, ఊరికే పెట్టింది ఎందుకు పగులుతుంది అని బావగారు నన్ను గట్టిగానే అడిగారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోన్ రబ్బరుని తినేస్తాయి. అందుకని కంపెనీవాళ్లు రబ్బరులోనే మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే ఆ మైనం పైకి ఊరి పూతలా కాపాడుతుంది. పక్కన పెట్టిన టైరుకి నలగడం ఉండదు కాబట్టి పూత సరిగా ఊరదు. పట్టా కప్పితే ఎండ తగలదు గానీ వేడి ఎక్కడికి పోతుంది? మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో స్లాబు మీద, పట్టా కింద, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. రేకుల షెడ్డు కూడా అంతే.

డాబా వద్దనడానికి ఇంకో కారణం వాన. రిమ్ము లేని టైరుని పడుకోబెట్టినా, నిలబెట్టినా లోపల నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమకి అంతకంటే మంచి చోటు లేదు. లోపలి గోడకి అంటుకున్న గుడ్లు నీళ్లు ఆరిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ వాన పడితే వారం పది రోజుల్లో దోమలైపోతాయి. శుక్రవారం డ్రై డే (ఎక్కడా నీళ్లు నిలవ లేకుండా చూసుకునే రోజు) అని ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది పూలకుండీలతో పాటు పాత టైర్లను కూడా చూసేది అందుకే. పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

సెల్లార్ నిజానికి చెడ్డది కాదు. ఎండ రాదు, మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది. మీ పార్కింగ్ గోడవారన కాస్త ఎత్తు మీద చెక్క పలక వేసుకుని పెట్టుకోగలిగితే పెట్టుకోండి. ఇబ్బందల్లా నీళ్లతోనూ, పక్కవాళ్లతోనూ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచేశాక మా ఊళ్లోని సింగ్ నగర్ వాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలకి సెల్లార్లలో కార్లే మునిగాయి. పైగా జనరేటర్ అక్కడే, పక్కవాళ్ల బళ్ల నుంచి కారే ఆయిల్ అక్కడే. ఆయిల్, పెట్రోలు, గ్రీజు ఏది తగిలినా రబ్బరు మెత్తబడి పాడవుతుంది. ఎలుకలు గూడు పెట్టుకోవడానికి కూడా టైరు భలే అనువుగా ఉంటుంది.

మెట్ల కింద చీకటి, చల్లదనం, వాన చుక్క పడదు, రోజూ కంటికి కనిపిస్తుంది. అయితే ఒక్క షరతు. చాలా ఇళ్లలో ఇన్వర్టరో, నీళ్ల మోటారో ఉండేది సరిగ్గా అక్కడే. మోటార్లు, బ్యాటరీ చార్జర్లు, వెల్డింగ్ మెషీన్ల దగ్గర ఓజోన్ పుడుతుంది, టైర్ల కంపెనీలే వాటికి దూరంగా ఉంచమంటాయి. మా ఇన్వర్టర్ కూడా అక్కడే ఉండేది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వరండాలోకి మార్పించాకే టైర్లు దించాను. ఆ వెసులుబాటు లేకపోతే మెట్ల కిందకంటే సెల్లారే నయం.

ఎలా పెట్టాలన్నది చాలామంది తలకిందులుగా చేస్తున్నారు. రిమ్ము ఉంటే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి, లేదా రిమ్ము పట్టుకునేలా కొక్కేనికి వేలాడదీయాలి. రిమ్ము లేకపోతే నిలబెట్టాలి, నెలకోసారి కాస్త తిప్పాలి. రిమ్ము లేనివాటిని దొంతర పెడితే అడుగుది నలిగి బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) దగ్గరకొచ్చేస్తుంది, తర్వాత రిమ్ముకి ఎక్కించి గాలి పట్టించడం పెద్ద తలనొప్పి. కొక్కేనికి వేలాడదీస్తే సాగిపోతుంది.

పెట్టే ముందు సబ్బునీళ్లతో కడిగి, ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్లు తీసేసి, పూర్తిగా ఆరనివ్వండి. మెరవాలని పాలిష్ రాయకండి, దాని అవసరం లేదు. ఒక్కోదాన్ని మందపాటి నల్ల చెత్త కవర్లో పెట్టి, కవర్లోని గాలంతా పిండేసి, మూతి టేపుతో బిగించాను. టేపు మీదే "ముందు ఎడమ", "వెనక కుడి" అని మార్కర్‌తో రాసిపెట్టాను.

బాల్కనీలో ఎండపొడ వస్తుంది కాబట్టి వద్దు. అటక మీద పెట్టొచ్చు గానీ రిమ్ముతో ఒక్కోటీ పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎత్తి దించేవాళ్లుంటేనే. కెనడాలో ఉంటూ చలికాలం టైర్లు ఏటా మార్చే మనవాళ్లకి గరాజే సరైన చోటు, మంచుకి భయపడక్కర్లేదు, గడ్డి కోసే మెషీన్ పెట్రోలు డబ్బా మాత్రం పక్కన ఉండకూడదు.

ఎంత బాగా దాచినా టైరు వయసు ఆగదు. సైడ్‌వాల్ మీద DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి షాపులో చూపించండి, పదేళ్లు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా వాడకండి. మళ్లీ బండికి ఎక్కించే రోజున బొటనవేళ్లతో సైడ్‌వాల్ వంచి చూసి, గాలి సరిచేయించి, బ్యాలెన్సింగ్ చేయించాకే రోడ్డెక్కండి.