మల్టీపాయింట్ లాక్ మార్పించే ముందు తలుపు తెరిచి చూడండి

మా వెనక వైపు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపుకి మల్టీపాయింట్ లాక్ ఉంది, అంటే హ్యాండిల్ పైకెత్తితే పైనా కిందా హుక్కులు ఫ్రేములోకి దూరే రకం. దాని విషయంలో రెండుసార్లు మోసపోయాను. ఒకసారి రిపేరు చేసినతని చేతిలో, ఇంకోసారి నా తొందరపాటు వల్ల.

మొదట్లో హ్యాండిల్ పైకెత్తడం బరువుగా ఉండేది. పోనుపోను భుజంతో తలుపుని నొక్కిపట్టుకుంటే తప్ప తాళం తిరిగేది కాదు. రిపేరుకి వచ్చినతను మూసి ఉన్న తలుపుకే హ్యాండిల్ నాలుగుసార్లు ఆడించి, "లాక్ పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. సరే అన్నాను. కొత్తది పెట్టినా బరువు తగ్గలేదు. "కొత్తది కదా, వాడగా వాడగా వదులవుతుంది" అన్నాడు. నెల తిరక్కుండానే ఒక రాత్రి లోపల టక్‌మని విరిగి, హ్యాండిల్ వేలాడిపోయింది. ఫోన్ చేస్తే, మీరు బలంగా లాగారు కాబట్టి వారంటీ వర్తించదన్నాడు.

విరిగింది హ్యాండిల్ తిప్పితే హుక్కుల్ని కదిలించే మధ్య భాగం, అంటే గేర్‌బాక్సే కదా అని "అన్ని తలుపులకీ సరిపోతుంది" అని రాసి ఉన్నదాన్ని ఆన్‌లైన్లో తెప్పించాను. అలాంటిది ఉండదు, నమ్మకండి. మా తలుపుకి హ్యాండిల్ కడ్డీ మధ్య నుంచి తాళంచెవి రంధ్రం మధ్యకి 92 మి.మీ. వచ్చినదానికి 85. ఇదొక్కటే కాదు, లాక్ ముందు పట్టీ అంచు నుంచి తాళంచెవి మధ్యకి ఎంత, పట్టీ వెడల్పు ఎంత, దాని మీద చెక్కిన పేరేంటి, ఇవన్నీ కలవాలి.

కొలతల కోసం అటక మీద పడేసిన పాత లాక్ తీశాను. టేబుల్ మీద పెట్టి హ్యాండిల్ కడ్డీ దూర్చి తిప్పితే పైనా కిందా హుక్కులు వెన్నలో కత్తిలా కదిలాయి! పాడైందన్న లాక్ నిక్షేపంగా ఉంది.

అప్పుడు ఫ్రేమ్ వైపు చూశాను. హుక్కు దూరే గాడి కింది అంచున, హుక్కు కొట్టుకుని కొట్టుకుని మెరుస్తున్న గీత. తలుపు రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగింది, అంతే. కొత్త లాక్ విరిగిందీ అందుకే.

కాబట్టి ఎవరికైనా డబ్బులిచ్చే ముందు తలుపు బార్లా తెరిచి హ్యాండిల్ ఎత్తి, తాళం తిప్పి చూడండి. తెరిచినప్పుడు సాఫీగా ఉండి, మూస్తే బిగుసుకుంటుంటే దాదాపుగా లాక్ తప్పు కాదు, తలుపు ఫ్రేముతో కలవట్లేదు. తెరిచినా బిగుతుగానే ఉంటే, తలుపు తెరిచే ఉంచి, పక్క అంచులో ఉండే పొడవాటి స్క్రూ విప్పి తాళంచెవి దూరే సిలిండర్ తీసేయండి. చెవిని కొద్దిగా పక్కకి తిప్పితేనే అది బయటికొస్తుంది. సిలిండర్ లేకుండా హ్యాండిల్ తేలిగ్గా కదిలితే తప్పు సిలిండర్‌ది, కదలకపోతే చాలావరకు గేర్‌బాక్స్‌ది. చాలా మోడళ్లలో గేర్‌బాక్స్ ఒక్కటే మార్చుకోవచ్చు.

మా బందులకి ఎత్తు సర్దే స్క్రూ ఉంది. అలెన్ కీతో పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ మూసి చూసుకుంటూ తలుపుని పైకి తెచ్చాను. అన్ని బందులకీ ఈ స్క్రూ ఉండదు. లేకపోతే తెలిసినవాళ్లచేత, తలుపు కిందికి వాలకుండా అద్దం చుట్టూ పెట్టే ప్యాకింగ్ ముక్కలు సరిచేయించాలి. లాక్ విప్పి బిగించాక మాత్రం తెరిచిన తలుపు మీదే పదిసార్లు ఆడించి చూశాకే మూయండి. మూశాక ఇరుక్కుంటే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఇప్పుడు పాత లాకే మళ్లీ పెట్టాను. రెండు వేళ్లతో ఎత్తితే పడుతోంది. ఆ గేర్‌బాక్స్ మాత్రం వాపసు తీసుకోలేదు, ప్యాకెట్ విప్పేశానట.